కప్పు తట్టే తాత

పద్మనగర్‌ సాంచాల బస్తీలో మా పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో, ఉండే తాత ఏ గడప దాటాలన్నా ముందు చేతికర్రతో పైకప్పు తట్టి, చెవి రిక్కించి వినేవాడు. బొగ్గుబాయిలో పనిచేసిన నాటి అలవాటు. చప్పుడు బోలుగా వస్తే కప్పు కూలొచ్చు, లోపల అడుగు పెట్టకూడదట. బట్ట నేసే సాంచాల మోతలో ఈయనకేం వినబడుతుందని మేం నవ్వుకునేవాళ్లం.

నల్లా రాని ఒకరోజు ఫోన్‌లో వార్త చదివి వినిపించాను. వాళ్ల ఊరి దగ్గర ఆయన పనిచేసిన, ఇప్పుడు మూతపడ్డ బొగ్గుబాయిలో నీళ్లు నిలవ చేస్తారట. అంత లోతున నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి ఆ వేడినీ వాడుకుంటారట. సంతోషిస్తాడనుకున్నాను.

"నింపుడు షురూ జేసిన్రా?" అన్నాడు.

"ఇంకా లేదు తాతా."

"కప్పు కూలినప్పుడు మా తమ్ముడు అండ్లనే ఉండిపోయిండు బిడ్డా. పీనుగను గూడ తియ్యలే. ఆపుమని ఎవలకు జెప్పాలె? జర నువ్వన్న ఫోన్ జెయ్యి."

వార్తలో ఏదైనా నంబరు ఉందేమోనని చివరిదాకా వెతికాను; లేదు.

ఆయన కర్రతో ఈసారి నేలను తట్టాడు. మోకాళ్ల మీద వంగి బండకు చెవి ఆనించాడు.

"జర సాంచాలు బంద్ జేయమను బిడ్డా," అన్నాడు.