వంకలో ముందు దిగినవాడు

మార్కాపురంలో పలకలు అమ్మేవాళ్లకు కొదవ లేదు. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా పలకరాయే. రాయి తవ్వేవాళ్లు, కోసేవాళ్లు, చట్రాలు బిగించేవాళ్లు, రైలుకెత్తేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. పలకలు అమ్ముకుంటూ లోకానికి శాంతి కావాలని తిరిగిన మనిషి మాత్రం కరుణాకరం ఒక్కడే. ఊరు ఆయనకు శాంతిశెట్టి అని పేరు పెట్టింది. దుకాణంలో బలపాలు అమ్ముకోవలసినవాడు వాటిని కాలికి కట్టుకుని తిరుగుతున్నాడని వెక్కిరించింది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఒకసారైనా కోపం తెచ్చుకునే మనిషైతే బాగుండేది. లోకంలో అందరూ మంచివాళ్లేనని, కాస్త ఆలస్యంగా మంచివాళ్లవుతారని ఆయన నమ్మకం.

ఆ నమ్మకానికి మూలం ఒక చావు. పెద్ద యుద్ధంలో ఆయన తమ్ముడు సత్యనారాయణ పట్టాళంలో చేరి బర్మాకు పోయాడు. ఉత్తరాలు ఆగిపోయిన రోజుల్లోనే, సేనలు అనుకున్న ప్రకారం విజయవంతంగా వెనక్కి వచ్చాయని పత్రికలో పడింది. "వచ్చినోళ్లలో మా తమ్ముడు లేడే?" అని కరుణాకరం కనపడ్డ ప్రతివాణ్నీ అడిగాడు. ఇంకొకడైతే ఆ రోజు నుంచి పత్రిక మొహం చూసేవాడు కాదు. ఈయన తిరకాసు మనిషి. పత్రిక అబద్ధం రాస్తే మనుషులు చచ్చారు గనక, నిజం రాస్తే బతుకుతారని తేల్చుకున్నాడు. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం స్టేషన్ నుంచి పత్రిక రాగానే దుకాణంలో నిలబడి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడం, చదివి తల పట్టుకోవడం ఆయనకు అలవాటైంది.

అణుబాంబు వద్దని సంతకాలు పెట్టించడానికి గిద్దలూరు బజారు, పొదిలి సంత, కంభం సత్రం, అన్నీ తిరిగాడు. హనుమంతునిపాడు దగ్గర ఒక రైతు వేలిముద్ర వేస్తూ, "ఆ బాంబు పడితే దాని ఎనకాల వానేమన్నా పడుద్దా శెట్టీ?" అని అడిగాడట. ఆ వేలిముద్రలన్నీ ఢిల్లీకి పోయాయి. పోయినట్టు పత్రికలో ఒక్క ముక్క రాలేదు. రాజకీయాలవాళ్ల సంగతి సరేసరి. ఒక పార్టీవాళ్లు ఈయనను అవతలి పార్టీ మనిషన్నారు, అవతలివాళ్లు ఇవతలి మనిషన్నారు. ఎన్నికలొస్తే మాత్రం ఇద్దరూ సభకు పిలిచి వేదిక చివర కుర్చీ వేసేవాళ్లు. ఆయన మాట్లాడబోయేసరికి గంట కొట్టేవాళ్లు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయింది. మార్కాపురం తాలూకా అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉంది. పుల్లలచెరువు అవతల, అడవి అంచున, ఒకే వంక నీళ్లమీద బతికే రెండు పల్లెలు ఉండేవి. ఎగువకొట్టాలు, దిగువకొట్టాలు. ఆ వంక ఏడాదిలో మూడు నెలలు పారితే గొప్ప. ఎగువవాళ్లు కట్ట వేస్తే దిగువవాళ్లకు తడి ఉండదు, దిగువవాళ్లు కట్ట తెంచితే ఎగువవాళ్లకు గింజ ఉండదు. ఎగువకొట్టాలకు పెద్ద తిరుపాలయ్య. దిగువకు వెంగన్న. ఆ తగువులో తిరుపాలయ్య అల్లుడు పోయాడు, మరుసటేడు వెంగన్న అన్న పోయాడు. రెండు చావులూ పత్రికలో పడ్డాయి, రెండోది ఫొటోతో సహా.

ఆ ఫొటో చూసిన రోజే కరుణాకరం దుకాణం భార్య రామతులసమ్మకు అప్పజెప్పి బయలుదేరాడు.

"లోకశాంతి అయిపోయిందా, ఇంక కొట్టాలశాంతా?" అన్నది ఆమె.

"లోకం దూరం. బస్సు పోదు," అన్నాడు ఈయన.

ఏడాది పైగా తిరిగాడు. ఎగువన తిరుపాలయ్య ఇంట జొన్నసంగటి తిన్నాడు, దిగువన వెంగన్న ఇంట మజ్జిగ తాగాడు. ఎక్కడ పడితే అక్కడ తింటున్నాడని మార్కాపురంలో కులంవాళ్లు ముఖం తిప్పుకున్నారు. తగువు నీళ్ల దగ్గర ఆగలేదని ఆయనకు త్వరగానే అర్థమైంది. నీళ్లు పంచుకోవడానికి ఇద్దరూ సిద్ధమే, వంతులు కూడా కుదిరాయి. ఎటొచ్చీ రాజీకి ముందు అడుగు ఎవరు వేయాలి అన్న దగ్గర బండి దిగబడింది. ఆ సీమలో ముందు వచ్చినవాడు ఓడినవాడి కింద లెక్క. అది వాడితో పోదు, వాడి పిల్లల పెళ్లిళ్లలో కూడా ఆ మాట ఎత్తుతారు.

చివరకు కరుణాకరం ఒక ఉపాయం చెప్పాడు. వంక ఎండి ఉన్నప్పుడు ఇద్దరూ చెరో ఒడ్డునా నిలబడాలి. మనుషులను మిట్ట వెనకే ఆపాలి. పొద్దు కొండకు తగలగానే ఇద్దరూ ఒకేసారి ఇసుకలోకి దిగాలి. మధ్యలో తను ప్రమాణానికి ఉప్పు పట్టుకుని నిలబడతాడు.

అనుకున్న రోజు పొద్దు కొండకు తగిలింది. ఎవరూ దిగలేదు. అన్న చావు గుర్తొచ్చిందో ఏమో, వెంగన్న ఒడ్డున రాయిలా నిలబడ్డాడు. పొద్దు కిందికి జారుతోంది. అప్పుడు తిరుపాలయ్య వంగి చెప్పులు విడిచాడు. అరవై దాటిన మనిషి, గట్టు పట్టుకుని మెల్లగా దిగి, ఇసుకలో నడిచి వచ్చి కరుణాకరం పక్కన నిలబడ్డాడు. ఆ తరువాతే వెంగన్న దిగాడు. దగ్గరికొచ్చి ముసలాయన ముఖంలోకి చూడలేక తల పక్కకు తిప్పుకున్నాడు. కరుణాకరం కళ్లు నిండిపోయాయి.

"ముందు దిగింది ఎవరో మనం ముగ్గురమే చూసినాం. ఎవురి నోట్లోంచీ ఈ మాట రాగూడదు. ఇద్దరం ఒకేపాలి దిగినాం, అంతే," అన్నాడు తిరుపాలయ్య.

ముగ్గురూ దోసిట్లో ఉప్పు పట్టుకున్నారు. మాట తప్పితే ఉప్పులా కరిగిపోతామని ముగ్గురూ అన్నారు. మడుగులో మిగిలిన కాసిని నీళ్లలో ఆ ఉప్పు వదిలారు.

ఆ ఏడు వంక వంతుల ప్రకారం పారింది. దిగువవాళ్లు ఎగువ దారిన పుల్లలచెరువు సంతకు నడిచారు. వెంగన్న గడ్డపార మోసుకొచ్చి ఎగువవాళ్ల కట్ట బాగుచేశాడని విని కరుణాకరం ఆ రోజు దుకాణంలో ఎవరొస్తే వాళ్లకు బెల్లం ముక్క పెట్టాడు. అక్కడితో ఊరుకుని ఉంటే ఆయన జన్మ ధన్యమయ్యేది. ఊరుకోలేకపోయాడు. చావులు పడ్డ పత్రికలో ఈ రాజీ కూడా పడాలన్న పట్టుదల పట్టుకున్నది.

ఆ పత్రికకు మార్కాపురం విలేఖరి ఉమామహేశ్వర్లు. ఈయనకు వరస బావమరిది. మందుల దుకాణం మీద బతుకుతూ, సాయంత్రం రైలుకు వార్తలు పంపేవాడు.

"రెండు పల్లెలు కొట్టుకోకుండా ఏడాది గడిచింది. రాయి," అన్నాడు కరుణాకరం.

"అంటే ఏం జరిగినట్టు బావా?"

"ఏం జరగలేదు. అదే వార్త."

"ఏం జరగకపోతే నేనేం రాసేది? పైవాళ్లు నన్ను చూసి నవ్వుతారు," అన్నాడు ఉమామహేశ్వర్లు.

కరుణాకరం నెల రోజులు వెంటపడ్డాడు. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒకనాడు ఉమామహేశ్వర్లే దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. "వేస్తామంటున్నారు బావా. కానీ అందులో ఒక మనిషుండాల, ఒక ఘట్టముండాల. రాజీకి ముందు దిగిందెవరు? అది లేకపోతే అచ్చు కాదు," అన్నాడు.

లోపల పలకలు తుడుస్తున్న రామతులసమ్మ చెయ్యి ఆపింది. ఆమెకూ ఆ సంగతి తెలియదు, తెలియనిదేదో ఉందని మాత్రం తెలుసు. "కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమండీ," అన్నది.

కరుణాకరం మనసులో నడిచింది డాంబికం కాదు, అదే పాపం. కత్తెత్తినవాడి ఫొటో వేసే పత్రిక, ఒక్కసారి చెప్పులు విడిచి ముందు దిగినవాణ్ని పెద్దవాడని పొగిడితే చాలనుకున్నాడు. ముందు దిగడం ఓటమి కాదని ఊరూరా చదువుతారు. ఇక ప్రతి వంక దగ్గరా ఎవడో ఒకడు ముందు దిగుతాడు. బర్మా నుంచి తమ్ముడు రాని నాటి నుంచి ఎదురుచూస్తున్న నిజం ఇదేనని, దీన్ని దాచడమే తప్పేమోనని ఆయనకు తోచింది. ఉప్పు గుర్తుంది. గుర్తుండే చెప్పాడు.

"తిరుపాలయ్య. ఆయన పెద్ద మనసు గురించి బాగా రాయి," అన్నాడు.

మూడో నాడు మధ్యాహ్నం పత్రిక వచ్చింది. వెంగన్న ముందు తలవంచిన తిరుపాలయ్య, అని పైన లావుపాటి అక్షరాలు. కింద, ఎన్నికల్లో నిలబడ్డ ఫలానా అభ్యర్థి చొరవతో రాజీ కుదిరిందని రాశారు. ఆ అభ్యర్థి ఏనాడూ ఆ వంక చూసినవాడు కాదు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగేవాళ్లుంటారు. ఈ అభ్యర్థి ఇల్లు ఆర్పింది తనేనన్నాడు. పెద్ద మనసు అన్న మాట ఎక్కడా లేదు. కరుణాకరం పేరు చివర ఉంది, అదీ తప్పుగా.

బజారులో నలుగురూ వచ్చి, పేపర్లో పడ్డావు శెట్టీ అని అభినందించారు. ఆయన కండువా కూడా వేసుకోకుండా బస్సెక్కాడు.

బస్సు దిగి నడిచి పోయేసరికి ఆయనకన్నా ముందు పత్రిక చేరింది. అభ్యర్థి జీపు రైలు కోసం ఆగకుండా గుంటూరు నుంచే పత్రికలు తెచ్చి, ఉదయమే రెండు పల్లెల్లోనూ పంచిపోయిందట. దిగువకొట్టాల కుర్రకారు ఎగువ వీధిలో నిలబడి పెద్దగా చదివారట, చదివి నవ్వారట. నవ్విన నవ్వుకు ఎగువవాళ్లు, దిగువవాళ్ల వంతు ఉండగానే కట్ట వేశారు.

తిరుపాలయ్య ఇంటి ముందు మంచంమీద కూర్చుని ఉన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే కరుణాకరం కాళ్ల మీద పడేవాడు.

"ముందు దిగినందుకు నాకేం సిగ్గు లేదు శెట్టీ. తలొంచినానంట, అది చదివి మావోళ్లకు సిగ్గయ్యింది. నా మాట ఇంక ఈళ్లు ఇనరు," అన్నాడు.

"తప్పు నాది అన్నా. నేను పోయి చెప్తా. పత్రిక అబద్ధం రాసిందని రెండూళ్లకూ చెప్తా."

"ఏది అబద్ధం? ముందు దిగిందా?" అని అడిగాడు ముసలాయన.

అంతలో వంక వైపు నుంచి కేకలు వినబడ్డాయి. కట్ట తెంచడానికి దిగువవాళ్లు వచ్చారు. ఆపమని అవతల ఒడ్డున వెంగన్న అరుస్తూనే ఉన్నాడు, ఎవరూ వినడం లేదు. ఇవతల తిరుపాలయ్య మాటా వినడం లేదు. రెండు ఒడ్లనుంచీ రాళ్లు లేస్తున్నాయి. తిరుపాలయ్య చెప్పులు విడిచాడు. కరుణాకరం చెయ్యి పట్టుకోబోయాడు, అందలేదు. ముసలాయన గట్టు పట్టుకుని మెల్లగా దిగి, మోకాటి లోతు నీళ్లలో నడిచిపోయి కట్ట ముందు రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. రాయి ఏ ఒడ్డునుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన మాత్రం మళ్లీ లేవలేదు.

ఈసారి పత్రిక నాలుగు కాలమ్‌లు ఇచ్చింది, ఫొటో కూడా వేసింది. వేయబోయే ముందు ఉమామహేశ్వర్లు పెన్ను పట్టుకుని దుకాణానికి వచ్చాడు. "ముందు ఎవరు దిగినారు బావా?" అన్నాడు. పాపం, అతను దుర్మార్గుడు కాడు, అడగవలసింది అడిగాడు. కరుణాకరం లేచి లోపలికి పోయాడు.

ఎన్నికలు అయిపోయాయి. అభ్యర్థి గెలిచాడు. వంక దగ్గర పోలీసు డేరా వేశారు, కొన్నాళ్లకు అది కూడా ఎత్తేశారు. రెండు పల్లెలవాళ్లూ సంతకు మళ్లీ వేరువేరు దారుల్లో పోవడం మొదలుపెట్టారు. శాంతిశెట్టి ఊరు దాటడం మానేశాడు. పత్రిక మాత్రం కొనేవాడు. చదివేవాడు కాదు, మడత విప్పకుండా పలకల కట్టల మధ్య పెట్టి గుంటూరుకు పంపేవాడు.

మూడు నెలల తరువాత ఒకరోజు రామతులసమ్మే ఆయనను బస్సెక్కించింది. తిరుపాలయ్య భార్య చెన్నమ్మ ముఖం ఒకసారి చూసి రాకపోతే ఈ మనిషి తిండి సరిగా తినడని ఆమెకు తెలిసిపోయింది. చెన్నమ్మ ఆయనను లోపలికి పిలిచి పీట వేసింది. విస్తరి పరిచింది. ఎప్పటిలాగే ముందు ఉప్పు వడ్డించడానికి చిప్ప తీసుకుని వచ్చి, విస్తరి ముందు ఆగింది.

"పేపరొచ్చిన నాడే ఆయన నాకు చెప్పినాడు, అంతకు ముందు చెప్పలే. వెంగన్న మొన్న కబురంపినాడు. ఇంట్లో పెళ్లాంతో కూడా అనలేదంట. ఉప్పు పట్టింది మీరు ముగ్గురు శెట్టీ. కత్తులు పట్టే ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు," అన్నది.

తరువాత విస్తట్లో ఉప్పు వేసింది. "తిను, పొద్దు పోతాంది," అన్నది.

కరుణాకరం తల వంచుకుని ఆ అన్నం తిన్నాడు.