గంజి పెట్టిన బూట్లు

మా ఊరి హైస్కూల్లో చాలాకాలం పనిచేసిన డ్రిల్లు మాస్టారు పోయిన శుక్రవారం కన్నుమూశారు. నేను దీపం పెట్టి లేస్తుంటే పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి, "మాస్టారు ఇక లేరండి. నిద్రలోనే పోయారంట" అంది. డెబ్బై దాటిన మనిషి, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయారు. దేవుడు చల్లగా తీసుకెళ్ళాడనుకున్నాను. ఏడుపు రాలేదు గానీ, ఆయన మా ఇంటికి చేసిన మేలు ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది.

ఆయన్ని చూడనివాళ్ళకి ముందు ఆ చొక్కా జేబు గురించి చెప్పాలి. అందులో ఎప్పుడూ చిన్న ఆముదం సీసా ఉండేది. తెల్ల చొక్కాకి జేబు దగ్గర జిడ్డు మరక ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. వాళ్ళావిడ నూతి దగ్గర బట్టలు ఉతుకుతూ, "ఈయన పిల్లల కాళ్ళకే కాదమ్మా, గుండెకాయకి కూడా ఆముదం రాసుకుంటున్నారు" అనేది. ఆయన విని నవ్వేవారు.

మా రెండో అమ్మాయి తొమ్మిదో తరగతిలో జిల్లా పోటీలకి వెళ్ళి, పదిహేను వందల మీటర్ల పరుగులో మూడో చుట్టు దగ్గర కూలబడిపోయింది. బూటు కరిచి మడమ మీద బొబ్బ లేచింది, అది చితికి సాక్సు అతుక్కుపోయింది. ఇంటికొచ్చి ఆ తెల్ల కాన్వాసు బూట్లు మంచం కిందకి తోసేసి, "ఇంక పరిగెత్తనమ్మా" అంది. దానికి పరుగంటే ప్రాణం. అన్నం కూడా సరిగ్గా తినకుండా తిరుగుతుంటే చూడలేక మాస్టారి దగ్గరికి వెళ్ళాను. వచ్చే ఏడు గట్టెక్కితే నూట ఎనిమిది ప్రదక్షిణాలు చేస్తానని మొక్కుకున్నట్టు కూడా చెప్పాను.

"మీ ప్రదక్షిణాలు మీరు చేసుకోండమ్మా. ఆముదం నేను రాస్తాను. ఇద్దరం చెరో పక్కా పట్టుకుంటే పిల్ల పరిగెడుతుంది" అన్నారు.

మొదట సాక్సులు మానిపించారు. నైలాన్ సాక్సులు చెమటని పట్టి ఉంచుతాయనీ, మడత పడితే చర్మాన్ని ఒరుస్తాయనీ చెప్పారు. బూటు లోపల చెయ్యి పెట్టి, కుట్టు లావుగా తగిలినచోట గుండ్రాయితో కొట్టి చదును చేశారు. మడమకీ వేళ్ళ సందుల్లోనూ పల్చగా ఆముదం. మొదటిరోజు కాలవ గట్టు మీద పది నిమిషాలే. మర్నాడు ఇంకో ఐదు. సాక్సుల్లేకుండా బూట్లేమిటని తోటిపిల్లలు ఎగతాళి చేస్తే, "నీ కాలు నీకు తెలియాలి, ఊరికి తెలియక్కర్లేదు" అనేవారు. ఆయన రోజూ అనే మాట ఇంకొకటుంది: "బొబ్బ చెప్పకుండా రాదు తల్లీ. ముందు మంటని పంపిస్తుంది. మంట వచ్చినప్పుడే ఆగి చూసుకో."

ఆర్నెల్లకి ఆ బూట్లు దాని కాళ్ళకి అతికినట్టు అమిరాయి. చూడ్డానికి మాత్రం బురద రంగులో, జిడ్డోడుతూ ఉండేవి.

అక్కడే నేను తప్పు చేశాను. మరుసటేడు జిల్లా పోటీలకి ముందురోజు పొద్దున ఆ బూట్లు చూస్తే నాకు సిగ్గనిపించింది. నలుగురి మధ్యకీ వెళ్ళే పిల్ల ఇలాంటివి వేసుకోవడమేంటని సబ్బు పెట్టి రుద్ది ఉతికాను. పక్కనే మావారి పంచెల కోసం వార్చిన గంజి బక్కెట్లో ఉంది. మా వైపు ఉతికిన తెల్లబట్ట ఏదైనా గంజి చూడకుండా తీగ మీదకి ఎక్కదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. బూట్లు కూడా ముంచి ఎండలో పెట్టాను. సాయంత్రానికి మల్లెపువ్వుల్లా ఉన్నాయి. మురిసిపోయి గుడ్డసంచీలో సర్దాను.

మర్నాడు కాకినాడ గ్రౌండులో అమ్మాయి సంచీ విప్పి ఒక బూటు వంచబోయింది. అది వంగలేదు.

"అమ్మా, ఇవేంటి, అట్టముక్కల్లా అయిపోయాయి? ఏం చేశావు?"

మాస్టారు బూటు తీసుకుని వేలితో కొట్టి చూశారు. టకటకమంది.

"గంజి పెట్టారామ్మా?"

తలూపాను.

"ఇస్త్రీ కూడా చెయ్యాల్సింది" అన్నారు.

ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను. లేదు. "పరుగుకి ఇంకా రెండు గంటలుంది, రండి" అని కుళాయి దగ్గరికి నడిచారు. చెరొక బూటూ తీసుకుని పిండి పిసికినట్టు పిసికాం. తెల్లగా కారుతూనే ఉంది. అమ్మాయి ఏడుస్తూ నిలబడింది, నావైపు చూడలేదు. నీళ్ళు తేటపడ్డాక బూట్లు గట్టిగా పిండి, దాని కాళ్ళు తుడిచి, ఎప్పటికన్నా మందంగా ఆముదం పట్టించారు. తడి బూట్లే తొడిగి, "నడువు. నీ పాదం ఎలా ఉందో వాటికి మళ్ళీ నేర్పాలి" అన్నారు.

ఆ ఎండలో గ్రౌండు చుట్టూ ఇద్దరూ నడిచారు. కాసేపటికొకసారి "మంటా?" అనేవారు. "లేదండి" అనేది. ఒకసారి మాత్రం "కుడి మడమ దగ్గర కొంచెం అండి" అంది. అక్కడే కూర్చోబెట్టి బూటు విప్పి, కుట్టులో ఇరుక్కుని ఎండిపోయిన గంజి ఉండని గోటితో గీకి తీసేశారు.

పరుగు మొదలయ్యాక నేను కళ్ళు మూసుకుని నామం చెప్పుకుంటూ ఉండిపోయాను. పిల్ల పడిపోతే అది నా చేతులారా చేసిందే అవుతుంది. ఎంతసేపయిందో తెలియదు. మాస్టారు నా పక్కకి వచ్చి మెల్లగా అన్నారు. "కళ్ళు తెరవండమ్మా. మూడో చుట్టు దాటేసింది."

మా అమ్మాయి నాలుగోదిగా వచ్చింది. మెడలో ఏ పతకమూ పడలేదు. పరుగు ఆపకుండా అలాగే వచ్చి నన్ను వాటేసుకుంది. గంజి సంగతి మాస్టారు బతికున్నన్నాళ్ళూ మావారితో గానీ, స్కూల్లో గానీ ఒక్కమాట అనలేదు. ఇప్పుడు నేనే రాస్తున్నాను.

ఆరోజు మాస్టారు ఎన్నో స్థానమని అడగలేదు. నేలమీద గొంతుక్కూర్చుని దాని పాదం చేతుల్లోకి తీసుకోబోతే, "మీరు నా కాళ్ళు పట్టుకోకూడదండి" అని అది వెనక్కి లాక్కుంది. "ఆ మర్యాదలు నువ్వు నాకు దణ్ణం పెట్టేటప్పుడు చూసుకుందాంలే, ఇప్పుడు మడమ చూడనీ" అని బూట్లు విప్పి, రెండు మడమలూ బొటనవేలితో నెమ్మదిగా తడిమి చూశారు. ఎక్కడా ఎరుపు కూడా లేదు. అది కుళాయి కింద కాళ్ళు కడుక్కుని ఉత్తకాళ్ళతో సిమెంటు అరుగు మీద నడుచుకుంటూ మంచినీళ్ళకి వెళ్ళింది. దాని వెనక తడి అడుగులు పడ్డాయి, మడమలు గుండ్రంగా, నిండుగా. అష్టమినాడు ముగ్గుపిండితో వేసుకునే కృష్ణుడి పాదాల్లా ఉన్నాయి. అవి ఎండకి ఒక్కొక్కటే ఆరిపోయేదాకా మాస్టారూ నేనూ చూస్తూ నిలబడ్డాం.