ఉపవాసముండి పెంచిన కండలు

పడిపోయినవాణ్ణి లేపే ప్రభువుకు స్తోత్రం. మంచి శుక్రవారం పూట పత్తర్‌గట్టి నడిబజారులో సిలువ కింద బోర్లా పడ్డవాణ్ణి కూడా లేపి, ఇన్నేళ్లకు ఈ నాలుగు ముక్కలు రాసే ఓపిక ఇచ్చినందుకు మరోసారి స్తోత్రం. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఆ వీధిలో తల ఎత్తబుద్ధి కాదు.

డెబ్బైలలో సంగతి. నాకు పంతొమ్మిదేళ్లు. ఒళ్లు బట్టలు ఆరేసే దండెంలా ఉండేది. మా బాపు బస్సు డిపోలో మెకానిక్కు. మంచి శుక్రవారం ఊరేగింపులో మా సంఘం టేకు సిలువను ఏటా మోసేది ఆయనే. ఆ ఏడు నడుం పట్టేసింది. సంఘపెద్ద జీవరత్నం గారు సిలువను తన అల్లుడికి ఇద్దామన్నారు. బాపు ముఖం వాడిపోయింది. నేను లేచి నిలబడ్డాను.

"బాపు సిలువ నేను మోస్త."

జీవరత్నం గారు నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "నువ్వు సిలువను మోస్తవో, సిలువనే నిన్ను మోస్తదో."

"మంచి శుక్రవారం దాక శ్రమల దినాలు నలభై ఉన్నయి గద. కండలు పెంచుత."

ఇంటికి వెళ్లే దారిలో బాపు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది బిడ్డా." ఆ చెయ్యి బరువుకే కొంచెం వంగాను. అప్పుడైనా అర్థం కావలసింది.

మర్నాడే సైకిలు తొక్కుకుంటూ బార్కస్‌లో కసరత్తు నేర్పే తాలీంఖానాకు వెళ్లాను. అక్కడి ఉస్తాద్‌కు తల ఎక్కడ ముగిసి మెడ ఎక్కడ మొదలయ్యేదో తెలిసేది కాదు. నా చేతికి చిన్న ముగ్దర్ ఇచ్చాడు. గద లాంటి కర్ర అది.

"ఒకరోజు ఎత్తు, ఒకరోజు పండు. మంచిగ తిను. వారానికింత బరువు పెంచుదం."

పండుకోవాలా? శ్రమల దినాల్లోనా? సోమరితనం పాపమని సండే స్కూల్లో పిల్లలకు చెప్పేవాణ్ణి నేను. పైగా ఆ నలభై రోజులూ మాంసం, గుడ్డు, పాలు ముట్టనని, సాయంత్రం ఒక్కపూట గంజితో ఉంటానని మొక్కుకున్నాను. ఒక ప్రార్థన కంటే పది ప్రార్థనలు మేలైనప్పుడు పది దండీల కంటే వంద దండీలు మేలు కావా? పండుకోమన్న రోజున ఇంట్లో అమ్మ రుబ్బురోలు పొత్రం ఎత్తేవాణ్ణి.

పది రోజులకు పెద్ద ముగ్దర్ తిరిగింది. అద్భుతం జరిగిందని సాక్ష్యం చెప్పబోతే ఉస్తాద్ నీళ్లు చల్లాడు. "గది కండ గాదు. చేతులకు పని అలవాటైంది, గంతే. కండ ఇంకా బయలెల్లనే లేదు."

మూడో వారానికి తల దువ్వుకోవడానికి చెయ్యి లేవలేదు. చొక్కా గుండీలు అమ్మ పెట్టింది. బెల్టుకు కొత్త రంధ్రం పడింది. ఇది సాతాను పని అని తేల్చుకుని ఇంకో వంద దండీలు తీశాను. ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఆ మూర్ఖుడి కోసం నాతో కలిసి ప్రార్థించండి.

మంచి శుక్రవారం ఐదు రోజులుందనగా ఉస్తాద్ నా దండచెయ్యి పట్టి చూశాడు. పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

"ఏం తింటున్నవ్ రా?"

"ఒక్కపూట గంజి ఉస్తాద్. ఉపవాసం."

"పండుతున్నవా?"

"ప్రార్థన చేస్తున్న."

ఉస్తాద్ నెత్తి పట్టుకున్నాడు. "అరే, బరువెత్తితే కండ తెగుతది. తిని పంటే అతుక్కుంటది. అతుక్కున్నంక ముందటికంటె గట్టిగైతది. నువ్వు అతకనిస్తలెవ్వు. మేం గూడ రంజాన్ల పెద్ద ముగ్దర్లు దించి పెడ్తం. ఇయ్యాల్టి సంది తిను, పండు."

"సిలువ మోసేదాక మొక్కు తప్పొద్దు ఉస్తాద్."

"గట్లనా. అయితే ఆ రోజు నేనొస్త. తమాషా చూడాలె."

వచ్చాడు. గాజుల దుకాణం మెట్టు మీద నిలబడ్డాడు. నేను సిలువతో సరిగ్గా ఆ మెట్టు దాకా నడిచాను. అక్కడ మోకాళ్లు నన్ను అడగకుండానే కూర్చున్నాయి. తర్వాత తెలిసింది రోడ్డు వేడి ఒక్కటే. పాట ఆగిపోయింది. జీవరత్నం గారి అల్లుడు చొక్కా చేతులు మడుస్తున్నాడు. బాపు కళ్లు దించుకున్నాడు. ఆ క్షణమే ప్రభువు నన్ను పిలుచుకుంటే బాగుండుననుకున్నాను.

ఉస్తాద్ మెట్టు దిగి, సిలువను తువ్వాలులా భుజాన వేసుకున్నాడు.

"నువ్వెందుకయ్యా?" అన్నారు జీవరత్నం గారు.

"వీడు నా దగ్గర నేర్చుకునే శాగిర్దు. వీని బరువు నాదే. ఎటు పోవాలె?"

ముందు నడుస్తున్న పాస్టరు గారు వెనక్కి తిరిగారు. ఆనాడు ప్రభువు సిలువను మోసిందీ దారిన పోయే మనిషేనని గుర్తొచ్చింది కాబోలు, "నేరుగ" అన్నారు.

నేను కుంటుతూ వెనక నడిచాను. "ఉస్తాద్, నలభై రోజుల్ల ఒక్కరోజు గూడ ఆపలేదు. ఎందుకిట్లైంది?"

"మీ దేవుడు ఆరు రోజులు పనిచేసి, ఏడో రోజు ఆరాం చేసిండని నాకు నువ్వే గద చెప్పినవ్. ఆయనకంటె పెద్ద పనిమంతునివా?"

చివరికి బాపు నా పక్కకు వచ్చాడు. ఓదారుస్తాడనుకున్నాను. ఆయన కళ్లు ఉస్తాద్ భుజం మీదే ఉన్నాయి.

"గట్ల మోయాలె" అన్నాడు. "వచ్చే ఏడు గూడ ఆయన్నే పిలుద్దం."

అందుచేత ప్రభువు సన్నిధిలో, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఉపవాసమున్న నాడు పాటల పుస్తకం కంటే బరువైనది ఎత్తను. ఏడో రోజున ఇంటికి నిప్పంటుకున్నా మంచం దిగను. రండి, నాతో కలిసి ప్రార్థనలో తలలు వంచండి. నాది ఎలాగూ వంగే ఉంది. ఆమేన్.