నూహ్ పడవకు లోపలి తారు

దక్షిణ ఇరాకులోని చిబాయిష్ చిత్తడినేలల్లో పడవలు కట్టే ముతషర్‌కు చేతి కన్నా నోటికి పని ఎక్కువ. "నా నోటికి తారు పూసినా ఏదో సందులోంచి మాట కారుతుంది" అని తనే ఒప్పుకుంటాడు. జలప్రళయం నాడు నూహ్ ప్రవక్త ఓడ కట్టిన వడ్రంగుల్లో తన ముత్తాత ఒకడని నలభై ఏళ్లుగా టీకొట్టులో చెబుతున్నాడు. ఆ ముత్తాత పేరేమిటని అడిగితే మాత్రం దగ్గు వస్తుంది.

మొన్న వేసవిలో బాగ్దాదు నుంచి ఓ ప్రొఫెసర్ వచ్చాడు. పాత మట్టిపలకల రాతల్లోనూ, యూదుల గ్రంథం తౌరాతులోనూ ఓడకు లోపలా వెలుపలా తారు పూయమనే ఉందట. అలాంటి రెల్లు పడవ కట్టిపెట్టమన్నాడు.

ఇంకేముంది, మనవాడి కాళ్లు నేల మీద ఆగలేదు. "పడవ మునిగిందా, ఇక జన్మలో నూహ్ పేరెత్తను!" అని టీకొట్టులో అందరి ముందూ ఒట్టేశాడు. ఆ కథ పోతే తనకు మిగిలేది రెండు సుత్తులూ, మోకాళ్ల నొప్పులూ అని తెలిసే వేశాడు.

తారు కాగుతుంటే భార్య మద్‌లూలా వచ్చింది. పెద్దకొడుకు షనాన్ పేరు చేర్చి, షనాన్ తండ్రీ అన్నట్టుగానే మొగుణ్ణి పిలుస్తుంది.

"అబూ షనాన్, మామ బయట మాత్రమే పూసేవాడు కదా?"

"మా నాన్నకు చదువు రాదే! రెండు గ్రంథాలు చెబుతుంటే నీకేంటి?"

"గ్రంథాలు ఎండలో కూర్చుంటాయా?"

పడవ తేలింది. చుక్క నీరు రాలేదు. ముతషర్ కొత్త తెల్ల అంగీ తొడుక్కుని, నడిమధ్య బాసింపట్టు వేసుక్కూర్చుని, కథంతా చెబుతూ చిత్తడి చుట్టి వచ్చాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. గట్టు చేరాక ప్రొఫెసర్ చెయ్యందించాడు. ముతషర్ లేవబోయాడు. లేవలేకపోయాడు. లోపలి తారు కరిగి అంగీని పట్టేసింది.

"నూహ్ దిగాడు గానీ నువ్వు దిగవా అబూ షనాన్?" అని టీకొట్టు ఫాలిహ్ అరిచాడు. గట్టంతా ఒకటే నవ్వు.

మద్‌లూలా చేపల కత్తితో అంగీ కోసింది. వెనకభాగం పడవకే ఉండిపోయింది. ముతషర్ ఆమె నల్ల అబాయా చుట్టుకుని ఇల్లు చేరాడు.

మర్నాడు టీకొట్టు కిటకిటలాడింది.

"పడవ మునగలేదుగా, కథ కానీ! ఇంతకీ ఆ ముత్తాత పేరేంటి?" అన్నాడు ఫాలిహ్.

ముతషర్ చాలాసేపు టీలో చక్కెర కలిపాడు.

"ముత్తాత సంగతి నాకేం తెలుసురా! మా నాన్న పేరు గత్తాన్. ఆయనకు మా ఎండ సంగతి తెలుసు. ఆయన మాట మరిచిన గాడిదను నేను."

ఈసారి దగ్గు రాలేదు.