పద్నాలుగు అడుగుల నీడ

బలసముద్రంలో మల్లేశప్ప చేతికి గడియారం ఉండగా చూసినవాళ్ళు లేరు. జేబులో ఫోను ఉన్నా టైము కోసం దాన్ని బయటికి తీయడు. చదునైన నేల చూసుకుని ఎండకు వీపు పెట్టి నిలబడతాడు. తన తల నీడ ఏ గడ్డిపరక మీద పడిందో గుర్తుపెట్టుకుని, మడమకు బొటనవేలు తగిలేలా పాదం ముందు పాదం వేస్తూ అక్కడిదాకా కొలుస్తాడు. వేసవిలో ఏడడుగులైతే మూడున్నర, పదహారైతే ఐదు. పొడుగును బట్టే పాదం ఉంటుంది గనక ఎవరి నీడ వాళ్ళ పాదంతో కొలిచినా లెక్క ఒకటే. ఇదంతా ఎనిమిదేళ్ళ వయసు నుంచి గొర్రెల వెంట తిరుగుతూ తనకు తానే నేర్చుకున్నాడు. ఆ గొర్రెలు మేసిన బీడులో ఇప్పుడు సోలార్ పలకలు నిలబడ్డాయి. మంద కంచె పక్కన మేస్తోంది. నీడ లెక్క మాత్రం మారలేదు.

ఆ వేసవి సెలవుల్లో అతని కూతురు సౌభాగ్య ఒక్కటే మాట పట్టుకుంది. పదకొండేళ్ళ పిల్ల. పక్కింటి మంజుశ్రీతో కలిసి, పెద్దవాళ్ళెవరూ లేకుండా, పావగడకు పోయి మధ్యాహ్నం ఆట సినిమా చూడాలట. గొర్రెపిల్ల మంద వదిలి పది బారలు పోతేనే కేకేసే మనిషి మల్లేశప్ప. పది రోజులు ఊఁ అనలేదు. పలకలు కడిగే పనికి పోయే భార్య హనుమంతమ్మ నచ్చజెప్పగా, పదకొండో రోజు ఒప్పుకున్నాడు. బస్సెక్కించేటప్పుడు పిల్లను పక్కకు పిలిచాడు. తను నీడ కొలవడం ఆమె రోజూ చూసేదే.

"తెలీనోళ్ళని ఏమీ అడగాకు. నీడ పదహారు అడుగులయ్యే సరికి బస్సులో కూచోనుండాల. ఆ బస్సు తప్పిందంటే మళ్ళా సినిమా మాట ఎత్తాకు."

ఆ తర్వాతి బస్సు పొద్దు మునిగాక గానీ లేదు.

మధ్యాహ్నం మూడు దాటాక గొర్రెలు కంచె బయటికి పడిన పలకల నీడకు చేరి పడుకున్నాయి. వాటిని చూస్తూ చూస్తూ మల్లేశప్ప గబుక్కున లేచి నిలబడ్డాడు. సినిమా హాల్లో ఎండ ఎక్కడిది? నీడ ఎక్కడిది? చీకట్లో కూర్చునే పిల్లకు నీడ కొలత చెప్పి పంపాడు. పైగా ఎవరినీ అడగొద్దన్నాడు. పిల్లలిద్దరి దగ్గరా ఫోను లేదు.

పని దిగి వస్తున్న హనుమంతమ్మకు సంగతి చెప్తే ఆమె బుట్ట దించి అతని మొహంలోకి చూసింది.

"గొర్రెల్ని తోలినట్టే తోలినావు గదయ్యా పిల్లని."

మందను ఆమెకు అప్పగించి, నాలుగున్నరకే వచ్చి బస్సు ఆగే చోట నిలబడ్డాడు. నీడ కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. పదహారు దాటింది, ఇరవై దాటింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ లెక్క అతనికి భయం పుట్టించింది.

ఆరు కావస్తుండగా బస్సు వచ్చింది. ముందు మంజుశ్రీ దిగింది, మూతి ముడుచుకుని.

"మళ్ళా నీ కూతుర్తో యాడికీ పోను మామా. మంచి ఫైటు జరుగుతుండాది, రెక్క పట్టుకోని ఈడ్చుకొచ్చేసింది."

వెనకే సౌభాగ్య దిగింది. టైమెట్లా తెలిసిందని అడిగాడు మల్లేశప్ప. అదేమంత సంగతన్నట్టు చెప్పింది పిల్ల. ఇంటర్వెల్‌లో అందరూ బోండాల కాడికి పోతే తను హాలు ముందరి ఎండలో నిలబడి కొలిచిందట. ఎనిమిది వచ్చింది.

"సగం సినిమాకి ఎనిమిది కదా. పదహారుకు సరిగ్గా అయిపోతాది అనుకోలేదా?"

"యాడయితాది నాయనా? ఎనిమిది దాటినాంక నీడ ఉరుకుతాదని నువ్వే అంటావు గదా, గొర్రెల కాడ. అందుకే మధ్యలో ఇంకోసారి బయటికొచ్చి చూసినా. పద్నాలుగు. బస్టాండుకి నడవాల గదా, లేచొచ్చేసినాం."

ఆ మాట అతను పిల్లకు చెప్పలేదు. ఎప్పుడో తనలో తాను అనుకుంటూ ఉంటే విన్నదేమో. ముప్పై ఏళ్ళు ఎండలో తిరిగి తను పట్టుకున్న పనితనం, తను నేర్పకుండానే, చీకటి హాల్లోంచి పిల్లను ఇంటికి తెచ్చింది.

"ఇప్పుడెన్నుండాదో చూడు," అన్నాడు మెల్లగా.

పిల్ల చెప్పులు విడిచి కొలవసాగింది. అతనూ పక్కన తన నీడ పట్టుకుని కొలిచాడు. చివరికొచ్చి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె చిన్న పాదాలకు ముప్పై అయిదు. అతని పగిలిన పాదాలకూ ముప్పై అయిదే.

ఇంటిదారిలో, మందను తోలుకుంటూ ఎదురొచ్చిన హనుమంతమ్మను కలుసుకుని పిల్ల సినిమా కథ చెప్పసాగింది. ఫైటు దగ్గర ఆగిపోయింది.

"ఆమీద ఏమైంది?" అడిగాడు మల్లేశప్ప.

"తెలీదు నాయనా."

అతను వెనకబడిన గొర్రెపిల్లను ముందుకు తోలాడు.

"వచ్చే ఆదివారం మార్నింగ్ షోకి పో. కడదాకా చూసి రా. ఏమైందో నాకూ చెబుదువు."

మంజుశ్రీని తీసుకుపొమ్మని మాత్రం అనలేదు. ఆ పిల్ల వస్తుందో రాదో సౌభాగ్యే చూసుకుంటుంది.