నీళ్ళ బరువు

కౌకూర్ ఎత్తు మీద నా పాత మోపెడ్ ఇక లేవనని మొరాయించిన రోజున మా ఆయన లోలోపల సంబరపడ్డాడు. షామీర్‌పేట చెరువులో వల వేసేది ఆయన. ఆ చేపను బతికుండగానే టబ్బుల్లో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్మేది నేను. పెద్దరోడ్డు పక్కన వాళ్ళ అక్కకు చేపలమ్మే జాగా ఉంది. ఆమె పక్కన నన్ను కూర్చోబెట్టాలని ఆయనకు ఎప్పటి నుంచో కోరిక.

"ఇగ గా ఎత్తుల పొంటి తిరుగుడు బంద్ జెయ్యే. అక్క పక్కన సల్లగ కూసో," అన్నాడు.

మా వదినె మంచిదే. కానీ ఆమె పక్కన కూర్చుంటే నేను పొలుసు గీకే మనిషిని, అంతే. కౌకూర్‌లో ఆ పైనున్న ఇళ్ళు నావి. ఎవరికి తోలు తీసివ్వాలో, ఎవరికి తలకాయ కావాలో నాకు నోటికొచ్చు. పన్నెండేళ్ళు తిరిగి సంపాదించుకున్న గిరాకీని ఒక పాత ఇంజన్ కోసం వదులుకుంటానా? కరెంటు బండి కొంటానన్నాను. ఆయన నవ్వి పందెం కట్టాడు. కొత్త బండి నిండు బరువుతో ఆ ఎత్తు ఎక్కితే నా దారి నాది. ఎక్కకపోతే అక్క పక్కన పీట. సరే అనేశాను. నోరు ముందు, ఆలోచన వెనక, నా సంగతి ఎప్పుడూ ఇంతే.

మొదటి షాపులో బండి రంగులు చూపించారు, ఆ తర్వాత స్పీడ్ గురించి చెప్పారు.

"స్పీడ్ ఎవరికి గావాలె అన్నా? నీళ్ళు ఒలుకుతయ్. ఎత్తు ఎక్కుతదా?" అంటే, మళ్ళీ రంగుల దగ్గరికే వచ్చారు. రెండో షాపులో బండి ముద్దుగా ఉంది. కాళ్ళు పెట్టే చోట జాన వేసి చూస్తే నా టబ్బు సగం బయటే ఉంటుంది. పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళకు బాగుంటుందని చెప్పి వచ్చేశాను. మూడోది పేట్ బషీరాబాద్‌లో. అక్కడ ఒక మూలన మొరటు బండి నిలబడి ఉంది. ముందు చదునుగా వెడల్పుగా ఉంది, వెనక ఇనుప క్యారియర్, ఎక్కడా సోకు లేదు. చూడగానే నచ్చింది.

"దీంట్ల చిన్న మోటరుది ఉంది, పెద్ద మోటరుది ఉందమ్మా. ఎంత బరువు ఏస్తరు?" అన్నాడు షాపాయన.

"ఇరవై కిలోలు," అన్నాను రెప్ప వెయ్యకుండా. పక్కనున్న మా ఆయన కూడా తలూపాడు.

"గట్లయితే చిన్నదే మస్తు."

"సాపు రోడ్డు మీద నడిపి కొనేదాన్ని కాదు. కౌకూర్ ఎత్తు కాడికి తీస్కరాండ్రి. బరువేసి ఎక్కిస్త, గప్పుడు మాట్లాడుకుందం."

పాపం, మరుసటి పొద్దున తనే తెచ్చాడు. మేము ఆటోలో సరుకు తీసుకెళ్ళాం. మా ఆయన షాపాయనతో ముచ్చట్లలో పడితే నేను రెండు టబ్బుల కొర్రమీను, కోసే మొద్దు, కత్తిపీట, తరాజు బండి మీదికి ఎక్కించాను. కొందరు టబ్బులో తడి చూపించి ఊరుకుంటారు. నేను నీళ్ళు ధారాళంగా పోస్తాను, చేప తోలు నిగనిగలాడాలి. సగం ఎత్తు దాకా బండి హాయిగా పోయింది. ఇల్లలకగానే పండగ అనుకున్నాను. అంతలో మోటరు మూలిగింది, మెల్లబడింది, ఆగిపోయింది. బ్రేకు బిగించి రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టాను. టబ్బు ఒరిగి, పైన కట్టిన వల సందులోంచి ఒక చేప ఎగిరి రోడ్డున పడింది. మా ఆయన భుజం మీది తువాల తీసి దాని వెంట ఉరికాడు.

షాపాయన వచ్చి టబ్బులోకి తొంగి చూశాడు. "ఇరవై కిలోలు అన్నరు గదమ్మా?"

"ఇరవయ్యే. గావాలంటే ఈడనే తరాజుల జోకి సూపిస్త."

"మరి గీ నీళ్ళు?"

మా వాళ్ళలో తూకమంటే చేప తూకమే. నీళ్ళు వడగట్టి, బుట్ట బరువు తీసేసి తూచాలి. చుక్క నీరు కలిసినా కొనేవాళ్ళు మొహం మీదే తిడతారు. ఇన్నేళ్ళుగా నీళ్ళను తీసేసి తీసేసి, వాటికీ బరువుంటుందన్న సంగతే మరిచాను. షాపులో తలూపిన మా ఆయనదీ అదే అలవాటు. సిగ్గేసింది, దాచుకోను.

అక్కడే లెక్క వేశాం. నీళ్ళే నలభై కిలోలు దాటాయి. టబ్బులూ మొద్దూ కత్తీ తరాజూ కలిపి మరో ఇరవై.

"ఇగ మీరు?" అన్నాడు షాపాయన.

"యాభై," అన్నాను. మా ఆయన దగ్గాడు. "అరవై," అన్నాను. మళ్ళీ దగ్గాడు. ఆ దగ్గును నేను పట్టించుకోలేదు.

"ఇగ అక్కకు జెప్పాల్నా, పీట ఎయ్యమని?" అన్నాడు మా ఆయన.

"ఓడింది చిన్న మోటరు, నేను గాదు. అన్నా, పెద్దది తీస్కరాండ్రి."

"దానికి ఛార్జింగు జల్దీ దిగుతదమ్మా, గింత బరువుకు."

"పన్నెండు గొట్టేవరకు నా తిరుగుడు అయిపోతది. దిగితే దిగనీ."

రెండు రోజుల తర్వాత పెద్ద మోటరు బండి మీద అదే బరువు, అదే ఎత్తు. చిన్న బండి ఆగిపోయిన చోటికి వచ్చి కావాలనే ఆపాను. నేను గేటు గేటుకీ ఆగేదాన్ని. ఎత్తు మధ్యలో ఆగి మళ్ళీ కదలలేని బండి నాకెందుకు? హ్యాండిల్ మెల్లగా తిప్పాను. ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత వెనక్కి జారకుండా, నీళ్ళు ఒలక్కుండా కదిలింది. పైన మొదటి గేటు దాకా ఆపలేదు.

మా ఆయన ఆయాసపడుతూ నడిచి వచ్చాడు. ఓడినవాడు సాయమైనా చేయాలనుకున్నాడేమో, టబ్బు తనే దించుతానని ఒంటి చేత్తో పట్టాడు. కదల్లేదు. రెండు చేతులూ వేసి, నడుం వంచి దించాడు. దించి దాని వంక చూస్తూ నిలబడ్డాడు. రోజూ చెరువు గట్టున చేపనిచ్చి వెళ్ళిపోవడమే ఆయనకు తెలుసు. నీళ్ళు పోసుకునేది, ఎత్తుకునేది నేను.

"ఇన్నేండ్లు గిదంత ఒక్కదానివే ఎత్తుకుంట, దించుకుంట తిరిగినవా?"

"మరి? నువ్వు సేపనే జోకితివి," అన్నాను.

ఆయన రెండో టబ్బు కూడా దించాడు. పీట మాట ఆ తర్వాత మా ఇంట్లో రాలేదు.