షీల్డ్ కోసం కొట్టిన మేకు

కొంటా ఊరి బజారులో బట్టల కొట్టు నడిపే శ్రీరంగం ఒకే ఒక్కసారి బంతిని తన్నబోయాడు. చెప్పు ఊడి ముందుకు ఎగిరింది, బంతి ఉన్నచోటే ఉంది. అయినా ఫుట్‌బాల్లో తనకు తెలియనిది లేదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని చీర కొనడానికొచ్చిన ఆడవాళ్ళ మీద కూడా రుద్దేవాడు.

బజారు టీముకి జెర్సీలు ఆయనే కొనిస్తాడు. కాబట్టి గెలిస్తే అది ఆయన గొప్ప, ఓడితే రిఫరీ పాపం. మూడేళ్ళు వరసగా ఫైనల్లో ఓడారు. ఒక రిఫరీ గుడ్డివాడన్నాడు, ఇంకొకడు అమ్ముడుపోయాడన్నాడు. మూడోవాడికి ఏ వంక పెట్టాలో తోచక బచేలి నుంచి వచ్చాడన్నాడు, అదే పెద్ద నేరమైనట్టు.

ఇక ఆటగాళ్ళ ఫామ్ సంగతి. సెంటర్ ఫార్వర్డ్ నాగార్జున ఆయనకు స్వయానా బావమరిది కొడుకు. ఈ ఏడాది ఒక్క గోలూ కొట్టలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే శ్రీరంగం జవాబు సిద్ధం: “మావోనికి ఫామ్ లేదు గని ఆట ఉంది. గొల్లపల్లోళ్ళకు ఆట లేదు, ఏదో గాలి వాటం.” అరిగిపోయిన బూట్లతో పల్లె నుంచి ట్రాక్టర్ ఎక్కి వచ్చి, ఎదురైన ప్రతి టీమునీ ఓడిస్తున్నవాళ్ళది గాలి వాటమట! వినేవాళ్ళు కూడా తలలూపేవారు. అరువు దొరికే కొట్టు మరి.

ఈసారి టోర్నమెంటు షీల్డ్ రాకపోతే మళ్ళీ ఫుట్‌బాల్ మాటెత్తనని నలుగురిలో ఒట్టేశాడు. దాన్ని తగిలించడానికి గల్లాపెట్టె పైన గోడకు మేకు కూడా కొట్టించాడు. ఆ మాటలు పోతే తనకు మిగిలేది మీటరు కర్రేనని లోపల భయం లేకపోలేదు.

టోర్నమెంటు మొదటి ఆటే గొల్లపల్లితో పడింది. ఎంతసేపటికీ గోలు లేదు. చివర్లో గొల్లపల్లి కుర్రాడు ఇర్మా, తమ గోలు ముందు మొహం మీదికి దూసుకొచ్చిన బంతికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. రిఫరీ కేసా ఆశ్రమశాలలో పాఠాలు చెప్పే గురూజీ, విజిల్ పట్టడం అదే మొదలు. ఆట సాగనిచ్చాడు. శ్రీరంగం పంచె ఎగ్గట్టి గ్రౌండులోకి దూకాడు.

“చెయ్యి తగిలిందా, లేదా?”

“తగిలింది సేఠ్. మొహం కాపాడుకున్నడు. కావాలని చేసింది కాదు గదా.”

“కావాలని చేసిండో లేదో వాని మనసులకు దూరి చూసొచ్చినవా? తగిల్తే తగిలినట్టే! రూల్ తెల్వకపోతే ఆ విజిల్ ఇటియ్యి!”

ఆయన వెనకాల సగం బజారు దిగింది. కేసా ఆ గుంపును చూసి పెనాల్టీ ఇచ్చాడు. నాగార్జున గోలు కొట్టాడు. మావాడికి ఫామ్ తిరిగొచ్చిందంటూ శ్రీరంగం ఊరంతా లడ్డూలు పంచాడు. ఇర్మా వాచిన చేతిని నిమురుకుంటూ ట్రాక్టర్ ఎక్కాడు.

మిగతా లీగ్ ఆటలన్నీ గెలిచి గొల్లపల్లి కూడా ఫైనల్‌కొచ్చింది. మళ్ళీ అవే రెండు టీములు, అదే రిఫరీ. కేసా దారికొచ్చాడులే అని శ్రీరంగం మురిసిపోయాడు. ఆట ముగియవస్తుండగా ఇర్మా గట్టిగా కొట్టిన బంతి, గోలు కాయడానికి వెనక్కొచ్చిన నాగార్జున మొహం మీదికి వచ్చింది. వాడు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. విజిల్ మోగింది. పెనాల్టీ.

“అన్యాయం గురూజీ! పిల్లగాడు మొహం కాపాడుకున్నడు! కావాలని చేసిండా?”

కేసాకు కోపం రాలేదు. “మనసులకు దూరి చూడొద్దని మీరే చెప్తిరి గదా సేఠ్. ఆనాటి సంది అన్ని ఆటల్ల అదే రూల్ పెట్టిన.”

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత గ్రౌండంతా నవ్వింది. ఆనాడు వెనకాల దిగిన బజారువాళ్ళు మరీ గట్టిగా నవ్వారు. నిజానికి కేసా ఆనాడు చేసిందీ తప్పే, ఈనాడు చేసిందీ తప్పే. కానీ రెండో తప్పు అందరికీ న్యాయంలా తోచింది. శ్రీరంగం వెనక్కి తిరిగి చూశాడు. ఒక్కడూ రాలేదు. నాగార్జున కూడా మామ వైపు చూడలేదు.

ఇర్మా గోలు కొట్టాడు. షీల్డ్ గొల్లపల్లి ట్రాక్టర్ ఎక్కింది.

కొట్టుకు వచ్చేసరికి భార్య సుశీలమ్మ చీరలు మడతపెడుతోంది. ఆయన “ఆ రిఫరీ” అని మొదలుపెట్టాడో లేదో, ఆమె అడ్డుకుంది.

“మనోని చేతికి తగిలిందా?”

“తగిలింది” అన్నాడు.

“మరి ఆనాడు ఆ గొల్లపల్లి పిల్లగాడు కావాలని పెట్టిండా చెయ్యి?”

“లేదు. నాకు ఆనాడే తెలుసు.” అన్నాక సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాడు.

ఆమె కొట్టు తాళాలగుత్తి తీసి ఆ మేకుకు తగిలించింది.

ఇంతలో లుంగీ గుడ్డకని వచ్చిన ఒకాయన ఉత్సాహంగా బల్ల మీద కూర్చున్నాడు. “ఏంది సేఠ్, రిఫరీ ముంచిండంట గదా? చెప్పుండ్రి, ఏమైంది?”

శ్రీరంగం నోరు తెరిచాడు. మేకు వైపు ఒకసారి చూశాడు. మీటరు కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

“ఎన్ని మీటర్లు కావాలె?” అన్నాడు.